ఏ చోటి చిత్రము, ఏ నాటి చిత్రము

ఆలపల్లి నుండి సిరొంచకు పోవు దారిలో, టేకుచెట్ల అడవుల నడుమ, అహేరి తాలూకాలో జిమల్‌గట్ట యను గ్రామము కలదు. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసకు చేరువైన యీ ప్రాంతము పరిపాలనకు మహారాష్ట్రమే యైనను, ఇచట సంతలో బేరము తెలుగున సాగును, కచేరీలో కాగితము మరాఠీలో నడచును, లోపలి గూడెములలో మాడియా గోండుల మాట వినవచ్చును. ఇట్టి గ్రామమును ఛాయాచిత్రము తీయుటకై యెవ్వరును పనిగట్టుకొని వచ్చి యుండకపోవచ్చును. అయినను 1972వ సంవత్సరము జూలై 23వ తేదీన అమెరికావారు తమ మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహమును ప్రయోగించినది మొదలు, 1988 మార్చి 17న బైకనూరు నుండి మన ఐఆర్‌ఎస్-1ఏ నింగికెగసిన పిదప మఱింత తఱచుగాను, ఆకాశమార్గమున తిరుగు యంత్రములు ఈ యూరి పైకప్పులను, చెరువులను, చెలకలను, అడవి యంచులను ఊరివారికి తెలియకయే చిత్రించుచు వచ్చినవి. మన ఉపగ్రహములు పంపు సంకేతములను హైదరాబాదునకు సమీపమున షాద్‌నగరులోని భూకేంద్రము అందుకొనును. వానిని చిత్రములుగా దిద్ది భద్రపఱచు పని జాతీయ దూరసంవేదన కేంద్రమునది.

అట్లు పోగుపడిన చిత్రముల సంఖ్య సామాన్యుని యూహకు అందునది కాదు. ఒక్క ఉపగ్రహమే పదునాఱు దినములకో, ఇరువదినాలుగు దినములకో ఒకమారు చొప్పున అదే నేల మీదుగా మరల మరల పోవుచుండ, అట్టివి పెక్కు ఉపగ్రహములు దశాబ్దముల తరబడి పనిచేయుచుండ, జిమల్‌గట్ట నేల కనబడు చిత్రములే రాశులుగా ఉండును. దేశము మొత్తమునకు ఎన్ని యుండునో చెప్ప నక్కఱలేదు. ఇన్నింటిలో నుండి తనకు కావలసిన ఒక్క చిత్రమును వెదకి పట్టి, దానిని కంప్యూటరులోని సాఫ్ట్‌వేరునకు అందించుట యెట్లు? ఇది యంత్రవేత్తలకు మాత్రమే సంబంధించిన విషయమని తలచువారు కలరు. కాని ఈ ప్రాంతమున ఒక రైతు చెలక అతనికి దక్కుట దక్కకపోవుట సయితము ఒక్కొక్కప్పుడు ఈ వెదకుటలోని నేర్పు మీద ఆధారపడుచున్నది కనుక, విషయమును కొంత వివరముగా చెప్పుట యుక్తము.

2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13వ తేదీకి ముందే అటవీభూమిని సాగుచేసికొని బ్రతుకుచున్న ఆదివాసులకు ఆ భూమిపై హక్కు గుర్తింపబడవలెను; సాగులో నిజముగా ఎంత యున్నదో అంతకే, అదియు నాలుగు హెక్టార్లకు మించకుండ. ఆదివాసులు కాని యితర అటవీ నివాసులైనచో మూడు తరములు, అనగా డెబ్బదియైదు సంవత్సరములు, ఆ తావున నివసించి అడవిపై ఆధారపడినట్లు కూడ చూపవలెను. గడ్చిరోలి జిల్లాకు ఈ చట్టముతో గాఢమైన సంబంధము కలదు. 2009లో సామూహిక అటవీ హక్కును పొంది దేశమంతట పేరు వినిపించిన మేంఢా-లేఖా గ్రామము ఈ జిల్లాలోనిదే. 2008 జనవరిలో వెలువడిన నియమములు ఏయే సాక్ష్యములు చెల్లునో చెప్పుచు, గెజెటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంటు నివేదికలు, పటములు మున్నగు వానితో పాటు ఉపగ్రహ చిత్రములను కూడ పేర్కొన్నవి. తాతనాటి కాగితము ఏదియు లేని పోడు రైతునకు ఇది యొక విధమున వరమే, ఏలనన, ఆకాశమున పోవు యంత్రమునకు పట్టా ఉన్న పొలము, లేని పొలము అను భేదము లేదు. ఇక అడుగవలసిన ప్రశ్న మిక్కిలి సులభముగా కనబడును: ఆ తేదీ నాటికి ఈ చెలక సాగులో ఉండెనా?

ఈ ప్రశ్నను మనుష్యుని అడిగినట్లు యంత్రమును అడుగ వీలులేదు. దానికి అర్థమగు భాషలో, దాని వద్ద నున్న పట్టికల రూపమును ఎఱిగి, ఏ తెర తీయవలెనో తెలిసి అడుగవలెను. అట్టి ప్రశ్నకే డేటాబేస్ పరిభాషలో క్వెరీ యని పేరు. 1970లో ఎడ్గార్ కాడ్ అను గణితవేత్త, సమాచారమంతయు వరుసలు నిలువులు గల పట్టికలుగా ఉండవలెననియు, అది యంత్రములో ఎక్కడ దాగియున్నదో అడుగువానికి తెలియ నక్కఱలేదనియు ప్రతిపాదించెను. 1974 ప్రాంతమున ఐబీఎం సంస్థలోని డానల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను నిరువురు ఆ పట్టికలను ప్రశ్నించుటకు ఒక భాషను కల్పించిరి. నేడు ఎస్‌క్యూఎల్ అనబడునది అదే. బ్యాంకులోని నిలువలు, రైలు టిక్కెట్లు, ఓటర్ల జాబితాలు ఆ భాషకే పలుకుచున్నవి.

అయితే అంకెలను, పేర్లను పట్టికలో వ్రాయవచ్చును గాని చిత్రమును వ్రాయుట యెట్లు? ఇచట రెండు మార్గములు కలవు, ఈ రెండింటి తారతమ్యమును గూర్చి యంత్రవేత్తలలో చిరకాలముగా వాదము నడచుచున్నది. చిత్రమును యథాతథముగా పట్టికలోని ఒక గడిలో ఇముడ్చుట మొదటి మార్గము. చిత్రపు ఫైలును డిస్కు మీద వేఱుగా ఉంచి, అది యున్న చోటును తెలుపు దారిని మాత్రము పట్టికలో వ్రాయుట రెండవది. మన పెద్దలు ధాన్యమును గాదెలో పోసి, లెక్కను చిట్టాలో వ్రాసిరే గాని, చిట్టాలో ధాన్యము పోయలేదు. పెద్ద చిత్రముల విషయమున రెండవ మార్గమునకు ఇదే సమర్థన.

కాని చిట్టాలోనే ధాన్యము పోసి చూపిన మహానుభావుడు కూడ ఒకడు లేకపోలేదు. జిమ్ గ్రే అను నాతడు, డేటాబేస్ విద్యలో చేసిన కృషికి 1998లో ట్యూరింగ్ పురస్కారము నందినవాడు, అదే సంవత్సరము మైక్రోసాఫ్ట్ తరఫున టెర్రాసర్వరు అను దానిని లోకమునకు చూపెను. అమెరికా భూవిజ్ఞాన సర్వే వారి విమాన చిత్రములను, రష్యా ఉపగ్రహ చిత్రములను ఇన్నూఱు పిక్సెళ్ళ చదరపు పలకలుగా కోసి, ఒక్కొక్క పలకను డేటాబేస్ పట్టికలో ఒక్కొక్క వరుసగా నిలిపి, ఎవ్వరు ఏ చోటు అడిగిన ఆ చోటి పలకలను క్వెరీ ద్వారా తీసి యిచ్చు ఏర్పాటది. నేడు మన ఫోనులో పటమును వ్రేలితో జరుపగా ముక్కలు ముక్కలుగా వచ్చి అతుకుకొనుచుండుట అందఱకును అనుభవమే; ఆ పద్ధతిని జనసామాన్యమునకు తొలిదినములలోనే చూపినవానిలో టెర్రాసర్వరొకటి. తరువాత 2006లో గ్రే, అతని సహచరులు కలిసి కొలిచి చూచి, 256 కిలోబైట్లకు లోపడిన వస్తువులను డేటాబేస్‌లోనే ఉంచుట మేలు, ఒక మెగాబైటునకు మించిన వానిని ఫైళ్ళుగా వెలుపల ఉంచుట మేలు, నడుమ నున్నవి సందర్భమును బట్టి యని తేల్చిరి. వాదములు మాటలతో గాక కొలతలతో తీరుట ఎంత హాయి! ఆ మహనీయుడే 2007 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో తీరము నుండి తన పడవలో ఒంటరిగా సముద్రము మీదికి పోయి అదృశ్యుడు కాగా, వేలకొలది స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ చిత్రములను ముక్కలుగా పంచుకొని ఆ పడవ కొఱకు గాలించిరి. చిత్రములు దొరకినవి, పడవ దొరకలేదు.

జిమల్‌గట్ట ప్రశ్నకు వత్తము. ఉపగ్రహ చిత్రము చిన్న వస్తువు కాదు. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహపు చిత్రము ఒక్కొక్కటి ప్రక్కకు 10,980 పిక్సెళ్ళు, నిలువునకు 10,980 పిక్సెళ్ళు గల చదరము, అనగా పండ్రెండు కోట్లకు పైబడిన చుక్కలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున ఒక్క వర్ణపు పొరకే ఇరువదినాలుగు కోట్ల బైట్లు. అట్టి పొరలు పదుమూడు కలవు, వానిలో కొన్ని ఇంత సూక్ష్మమైనవి కాకపోయినను. ఇట్టి దానిని గడిలో ఇముడ్చుట అవివేకము. కావున కేంద్రముల యందు ఫైళ్ళు ఒక చోట, వాని వివరములు పట్టికలో ఒక చోట ఉండును. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క వరుస. ఆ వరుసలో ఉపగ్రహము పేరు, కన్ను వంటి దాని సాధనము పేరు, చిత్రించిన తేదీ, మేఘములు కప్పిన భాగము నూటికెంత, చిత్రము కప్పిన నేల యొక్క మూలల అక్షాంశ రేఖాంశములు, తుదకు ఫైలు ఉన్న దారి. ఈ వరుసయే లేకున్న ఆ చిత్రము ఉండియు లేనట్లే, ఏలనన తన చోటును, తన నాటిని చిత్రము తనంతట చెప్పుకొనజాలదు. అడవి నడుమ ఒక పచ్చని మచ్చ. అది జిమల్‌గట్టయో, సరిహద్దుకు ఆవలి తెలంగాణములోని మహదేవపురమో, 2004వ సంవత్సరమో 2014వ సంవత్సరమో చెప్పవలసినది ఆ వరుసయే.

ఇక క్వెరీ ఎట్లుండునో చూతము. దాని ఆంగ్లపదములను తెలుగు లిపిలో వ్రాసినచో ఇంచుమించుగ ఇట్లుండును:

సెలెక్ట్ ఫైలు_దారి ఫ్రమ్ చిత్రములు
వేర్ ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్(నేల_హద్దు, చెలక_హద్దు)
అండ్ తేదీ <= '2005-12-13'
అండ్ మేఘశాతము < 10
ఆర్డర్ బై తేదీ డిసెండింగ్;

చిత్రముల పట్టిక నుండి ఫైలు దారిని తెమ్ము. అది కప్పిన నేల మన చెలక హద్దును తాకవలెను. తేదీ 2005 డిసెంబరు 13 గాని అంతకు ముందు గాని కావలెను. మబ్బు నూటికి పదింటికి లోపల ఉండవలెను. ఆ తేదీకి దగ్గఱివి ముందు, దూరపువి వెనుక రావలెను. ఇంతియే దాని భావము. చదువ నేర్చిన వానికి ఇది యొక దరఖాస్తు వలె కనబడును, నిజమునకు దరఖాస్తే. ఇందులో మొదటి షరతు మిక్కిలి సొగసైనది. లక్షల చిత్రముల హద్దులను ఒక్కొక్కటిగా చెలక హద్దుతో పోల్చినచో తెల్లవాఱును గనుక, 1984లో ఆంటోనిన్ గట్‌మన్ చూపిన ఆర్-ట్రీ అను ఉపాయము చొప్పున, సమీప ప్రదేశముల చిత్రములను గుంపులు చేసి, గుంపు నంతటిని చుట్టి ఒక దీర్ఘచతురస్రము గీసి, అట్టి గుంపులను మరల పెద్ద గుంపులు చేసి ఉంతురు. చెలక ఏ పెద్ద చతురస్రములోనిదో చూచి మిగిలిన వానిని తలయెత్తి చూడకయే త్రోసివేయవచ్చును గనుక, రాజస్థానము చిత్రములను గాని కేరళము చిత్రములను గాని యంత్రము తాకనైన తాకదు. 2001 నుండి ఉచితముగా దొరకుచున్న పోస్ట్‌జీఐఎస్ అను సాఫ్ట్‌వేరులో ఈ యేర్పాటంతయు కలదు.

ఇచట క్రొత్తవారు పడు గోతి యొకటి కలదు. మనము చిన్నప్పటి నుండి అక్షాంశము ముందు, రేఖాంశము తరువాత చెప్పుట కలవాటు పడితిమి. ఈ సాఫ్ట్‌వేరులు పెక్కింటిలో రేఖాంశము ముందు, అక్షాంశము తరువాత. జిమల్‌గట్ట రమారమి 80 డిగ్రీల తూర్పు రేఖాంశమునకు ఇరుగుపొరుగున, 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైన ఉన్నది. ఈ రెండంకెలను అలవాటు చొప్పున తాఱుమాఱు చేసి వ్రాసినచో, యంత్రము ఏమాత్రమును సందేహింపక, 80 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 19 డిగ్రీల తూర్పు రేఖాంశము గల చోటికి పోవును. అది నార్వేవారి స్వాల్‌బార్డ్ ద్వీపములలోని మంచు ప్రదేశము. టేకు అడవి నడిగిన వానికి ధ్రువప్రాంతపు హిమానీనదము ప్రత్యక్షమగును. ఇట్టి తప్పు ఒక విధమున మంచిదే, చూడగనే పట్టుపడును. పట్టుపడని తప్పులు వేఱుగా కలవు. వానికి తరువాత వత్తును.

క్వెరీ ఫైలు దారిని తెచ్చియిచ్చిన పిమ్మట దానిని తెఱచి తెర మీద నిలుపు పని సాఫ్ట్‌వేరుది; క్యూజీఐఎస్ వంటివి ఈ పనిని ఉచితముగనే చేయును. పండ్రెండు కోట్ల చుక్కల చిత్రమునంతటిని తెఱవ నక్కఱలేదు. రెండు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు గల గ్రామ భూమి కావలెనన్నచో, పది మీటర్ల చుక్క లెక్కను రెండువందలు ఇంటు రెండువందలు, అనగా నలువదివేల చుక్కలు చాలును. మొత్తములో అది ఇంచుమించు మూడువేలవ వంతు. చిత్రమును లోలోపల పలకలుగా కోసి, ఏ పలక ఫైలులో ఎన్నవ బైటు వద్ద మొదలగునో మొదటనే వ్రాసి యుంచినచో, దూరదేశపు సర్వరులోని ఫైలు నుండియైనను ఆ మూడువేలవ వంతును మాత్రము తెచ్చుకొనవచ్చును. సెల్ టవరు సంకేతము వచ్చుచు పోవుచు ఉండు అటవీ గ్రామములలో ఇది చిన్న విషయము కాదు. అదియును లేనిచోట మొదటి మార్గమే మరల ఉపకరించును: ఊరి పటపు పలకలనన్నిటిని ఎంబీటైల్స్ అను పేరుగల ఒకే ఒక డేటాబేస్ ఫైలులో ఇమిడ్చి ఫోనులో వేసికొన్నచో, ఎన్నవ పొర, ఎన్నవ నిలువు, ఎన్నవ అడ్డు అను మూడు అంకెలతో అడిగి, ఇంటర్నెట్ లేని అడవిలో చెలక గట్టు మీద నిలుచుండి చిత్రమును చూడవచ్చును. పెద్ద చిత్రము ఫైలుగను, చిన్న పలకలు డేటాబేస్‌లోను ఉండవలెనన్న గ్రే తీర్పు ఇచట రెండు విధముల నిజమగుచున్నది.

దారి తప్పుటను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను, ఏలనన కార్యాలయములలో దినదినము వినబడు మొఱ అదియే. పట్టికలో వ్రాసి యున్నది దారి మాత్రమే. గుమాస్తా ఒకడు హార్డ్‌డిస్కును ఒక కంప్యూటరు నుండి తీసి మఱియొక దానికి తగిలింపగా, నిన్నటి ‘డి’ డ్రైవు నేడు ‘ఇ’ డ్రైవు అగును. చిత్రములన్నియు ఉన్నవి, పట్టికయు ఉన్నది, క్వెరీయు వరుసలను తెచ్చుచున్నది, తెర మీద మాత్రము ఖాళీ గడులు, ఫైలు దొరకలేదను సందేశము. డేటా పోయినదని నెత్తి కొట్టుకొననక్కఱలేదు. మూలపు సంచయము పేరు ఒక్క చోట వ్రాసి, అక్కడి నుండి మిగిలిన దారిని మాత్రము పట్టికలో వ్రాసికొనుట ముందే చేసియుండిన, మార్చవలసినది ఒక్క మాట.

ఇంతవఱకు యంత్రము సంగతి. ఇక చెలక సంగతి. పై క్వెరీని జిమల్‌గట్ట వంటి గ్రామమునకై నడిపినచో ఏమి వచ్చును? ఇచట చరిత్ర మన రైతుతో విచిత్రముగా పరిహాసమాడినది. ముప్పది మీటర్ల చుక్కలతో ప్రపంచమంతటిని చిత్రించి, 2008 నుండి ఉచితముగా అందఱకును లభించుచున్న లాండ్‌శాట్ చిత్రములనే తీసికొందము. వానిలో ఏడవ ఉపగ్రహమునకు 2003 మే 31న ఒక యద్దము యంత్రాంగము చెడుటచే, నాటి నుండి ప్రతి చిత్రములోను ఇంచుమించు నూటికి ఇరువదిరెండు పాళ్ళు చాఱలు చాఱలుగా శూన్యము. మన చెలక ఆ చాఱ క్రింద పడినచో ఇక చెప్పునదేమి? అయిదవ ఉపగ్రహము, 1984 నుండి పనిచేయుచున్న ముసలిది, 2005 నవంబరు 26న సౌరఫలకమును త్రిప్పు భాగము మొరాయింపగా చిత్రించుట మానివేసి, 2006 జనవరి కడపట గాని తేఱుకొనలేదు. చట్టము గీత గీసిన డిసెంబరు 13 సరిగా ఈ నడుమ పడినది! నాడు మన రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహము ఆకాశమున ఉండుట అదృష్టము. 2003 అక్టోబరు 17న ఎగసిన ఆ ఉపగ్రహపు లిస్-3 సాధనము 23.5 మీటర్ల చుక్కలతో, 141 కిలోమీటర్ల పట్టీగా, ఇరువదినాలుగు దినములకొక పర్యాయము చిత్రించుచుండెను.

అయినను ఆ చుక్క ఎంతటిది? 23.5 మీటర్ల చదరము ఇంచుమించు 552 చదరపు మీటర్లు. ఎకరము 4,047 చదరపు మీటర్లు గనుక, ఎకరపు చెలక ఆ చిత్రములో ఏడు చుక్కలు, లాండ్‌శాట్‌లో నాలుగున్నర. ఆ యేడింటిలోను అంచున పడినవి సగము చెలక, సగము అడవి కలిసి ఏదో నడిమి రంగుగా కనబడును. పోడు చెలకలో ఇప్పచెట్లను, తునికి చెట్లను కొట్టక నిలుపుకొనుట ఆదివాసుల ఆచారము. పైనుండి చూచువానికి ఆ చెట్ల నీడ అడవి నీడయే. కార్యాలయములో కూర్చుండి, ఏడు చుక్కలలో నాలుగు పచ్చగా నున్నవి గనుక ఇది అడవియే యనువాడు అబద్ధమాడుట లేదు, కాని నిజమును చెప్పుటయు లేదు.

నెల కూడ విచారింపవలసినదే. క్వెరీలో మేఘశాతమును పదింటికి లోపల నిలిపినంతనే, పైరు పచ్చగా నుండు ఆషాఢ శ్రావణ భాద్రపదములు ఇంచుమించు కొట్టుకొనిపోవును, ఏలనన ఆ నెలలలో ఈ యడవుల మీద మబ్బు విడువదు. మిగులునవి కోత ముగిసిన పిదపటి చిత్రములు. ఫాల్గుణ చైత్రములలో టేకు ఆకు రాల్చును. అప్పటి చిత్రములో నిండు అడవి సయితము బీడు వలె కనబడును. ఒకే నేల కార్తికములో ఒకటి చెప్పి, చైత్రములో మఱియొకటి చెప్పును. కనుక తేదీ ఫలానా దినమునకు లోపల అనిన చాలదు. ఏ నెలలు అని కూడ అడిగి, రెండు మూడు సంవత్సరముల అదే నెలల చిత్రములను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. వానకాలపు సంగతులే కావలసినచో మబ్బును చీల్చుకొని చూడగల రాడార్ ఉపగ్రహములను ఆశ్రయింపవలెను. 2019 జూన్ 21న ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజి వెనుకటి నీరు, 2022 జూలై గోదావరి వఱద సిరొంచ ప్రాంతపు పొలములలో ఎంతవఱకు వచ్చినదో తెలిసికొనుటకు అవియే తగినవి. కాని 2005 నాటి చెలకకు మనవారి రాడార్ చిత్రములు దొరకవు. అట్టి మన రాడార్ ఉపగ్రహము రీశాట్-1 ఎగసినది 2012లో.

పట్టుపడని తప్పులని ముందు చెప్పితిని. వానిలో మొదటిది ఖాళీ గడి. పట్టికలో ఒక చిత్రమునకు తేదీ వ్రాయబడక గడి ఖాళీగా నున్నదనుకొందము. డేటాబేస్ పరిభాషలో దానిని నల్ అందురు. 2005 డిసెంబరు 13కు ముందటి చిత్రములు తెమ్మనిన అది రాదు. సరే, తరువాతివి తెమ్మందము, అప్పుడును రాదు. తెలియనిది ముందునకు చెందదు, వెనుకకును చెందదు, అని యంత్రపు తర్కము. అందువలన ఆ చిత్రము రెండు జాబితాలకును దూరమై, ఎక్కడను దోషము చూపక, నిశ్శబ్దముగా జాఱిపోవును. తేదీ లేని రసీదు, సంవత్సరము లేని జరిమానా చీటీ పట్టుకొని కచేరీ మెట్లెక్కిన ముసలివాని గతి కూడ ఇట్టిదే గదా! రెండవది అతుకుల చిత్రము. తెర మీద ఒకే నేలగా కనబడు అందమైన పటము నిజమునకు వేఱువేఱు దినముల ముక్కల కూర్పు. పటము మీద వ్రాసిన సంవత్సరము ఒకటి, మన చెలక పడిన ముక్క సంవత్సరము మఱియొకటి కావచ్చును. ముక్క ముక్కకు తేదీ తెలుపు పట్టికను ప్రశ్నింపక, పైపేరును నమ్మి సాక్ష్యము చెప్పరాదు.

మూడవది వీనికన్న పెద్దది. క్వెరీ ఒక్క వరుసయైనను తీసికొనిరాక, సున్న వరుసలని తెలుపవచ్చును. దాని యర్థము ఆ షరతులకు సరిపడు చిత్రము ఈ సంచయములో లేదని మాత్రమే. చెలక లేదని కాదు, సాగు లేదని కాదు. అయినను అధికారి బల్ల మీదికి వచ్చుసరికి “ఉపగ్రహ చిత్రములో సాగు కానరాలేదు” అను ఒకే వాక్యముగా రెండును కలిసిపోవును. చూచి కానరాకపోవుట వేఱు, చూచుటకు చిత్రమే లేకపోవుట వేఱు. ఈ రెంటి నడుమ భేదమును వ్రాయని ఆదేశము న్యాయమైన ఆదేశము కాదని నా నిశ్చితాభిప్రాయము. ఇక డెబ్బదియైదు సంవత్సరముల నివాసము చూపవలసిన ఆదివాసేతరుల మాటయందురా, 2005 నుండి వెనుకకు లెక్కించిన అది 1930. మానవుడు మొదటి ఉపగ్రహమును ఎగురవేసినది 1957లో. తాత దున్నిన భూమికి ఉపగ్రహమును సాక్షిగా పిలుచుట కల్ల. అచట ఊరి పెద్దల వాఙ్మూలమే సాక్ష్యము, చట్టము దానిని అంగీకరించినది కూడ.

ప్రభుత్వము ఈ సంగతి నెఱుగకపోలేదు. 2012 సెప్టెంబరులో సవరించిన నియమములు, ఉపగ్రహ చిత్రములు ఇతర సాక్ష్యములకు తోడుగా నుండవచ్చునే గాని వానికి బదులు కారాదని స్పష్టముగా చెప్పినవి. గుజరాతులో ఉపగ్రహ చిత్రములను పట్టుకొని వేలకొలది దరఖాస్తులను త్రోసిపుచ్చగా, 2013లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఇతర సాక్ష్యములను కూడ గమనించి వానిని మరల విచారింపుమని ఆదేశించెను. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తిరస్కృత దరఖాస్తుదారులను ఖాళీ చేయించు విషయమున మొదట నొక ఆదేశమిచ్చి, అదే నెలలో దానిని నిలుపుదల చేసిన సందర్భమున, తిరస్కారములు ఏ పద్ధతిలో జరిగినవో తెలుపుమని రాష్ట్రములను అడిగినది కూడ.

ఒకప్పుడు ఈ చిత్రములు కొనుటకు ధనము, చూచుటకు విద్య, తెఱచుటకు పెద్ద యంత్రము కావలసి యుండెను. నేడు జాతీయ దూరసంవేదన కేంద్రము వారి భువన్, భూనిధి అను వేదికలలో మన ఉపగ్రహముల చిత్రములను వెదకవచ్చును. లిస్-3 వంటి చిత్రములు ఉచితముగనే లభించును. సిరొంచ, అహేరి, ఆలపల్లి కళాశాలలలో కంప్యూటరు నేర్చిన పిల్లలు ఉన్నారు. క్వెరీ అయిదు పంక్తులని పైన చూచితిమి. కావున గ్రామసభల వారికి మనవి: దరఖాస్తుతో చిత్రమును జత చేయునపుడు రంగుల అచ్చును మాత్రము అంటించి ఊరుకొనక, దాని ఫైలు పేరు, ఉపగ్రహము, సాధనము, తేదీ, అది ఏ ప్రశ్నకు వచ్చిన సమాధానమో ఆ ప్రశ్నతో సహా క్రింద వ్రాయుడు, ఆ పంక్తులున్నచో ఎవ్వరు మరల అడిగినను అదే చిత్రము వచ్చును. అధికారులకును అదే మనవి: చిత్రము పేర దరఖాస్తును త్రోసిపుచ్చునపుడు ఏ క్వెరీ నడిపిరో, ఎన్ని వరుసలు వచ్చెనో ఆ కాగితము మీదనే వ్రాయవలెను. ఇందులో జాగు కూడదు, ఏలనన గ్రామసభ తీర్మానము మీద ఉపవిభాగ సమితికి చెప్పుకొనుటకు చట్టము ఇచ్చిన గడువు అఱువది దినములు మాత్రమే.